మావయ్యగారికి నచ్చిందట

నాకు సూసన్ అంటే కుళ్లు. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఆమె చెడ్డదా అంటే కాదు, మంచిదే. చెడ్డదైతే నాకు ఇంత కడుపుమంట ఉండేది కాదు. నాలుగు తిట్లు తిట్టుకుని, ఆ పూటకి మరిచిపోయి, నా వంట నేను చేసుకునేదాన్ని.

మాది జగ్గయ్యపేట. మా మావయ్యగారు రామకోటేశ్వరరావుగారు పెట్టిన కారం మిల్లు ఊరి చివర ఉంది. చుట్టుపక్కల రైతుల దగ్గర ఎండుమిరపకాయలు కొని, తొడిమలు తీయించి, కారం పట్టించి, ప్యాకెట్లు కట్టి హైదరాబాదు వైపు పంపడం మా వ్యాపారం. ఇప్పుడు మిల్లు మా ఆయన అనిల్‌కుమార్ చూసుకుంటారు. మావయ్యగారు ఇంటిపట్టునే ఉంటారు కానీ, ధ్యాసంతా మిల్లు మీదే.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త లాటు కారం పట్టిన రోజు అందులోంచి చిన్న డబ్బాడు ఇంటికి వస్తుంది. హమాలీల పెద్ద సాంబయ్య దాన్ని తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టి వెళ్తాడు. ఆ పూట మా ఇంట్లో కూరకైనా పచ్చడికైనా ఆ కారమే. మావయ్యగారు భోంచేసి బాగుందంటే లాటు లారీ ఎక్కుతుంది, లేదంటే లేదు. మా అత్తయ్యగారు వాసవాంబగారు వండిన రోజుల్లో మొదలైందిది. లారీ డ్రైవర్లు కూడా పెద్దాయన భోజనం అయిందో లేదో కనుక్కుని గానీ తాళ్లు బిగించేవాళ్లు కాదు. అత్తయ్యగారు పోయాక గరిటె నా చేతికొచ్చింది.

కరోనా రోజుల్లో మావయ్యగారికి జ్వరం వచ్చి తగ్గింది. రుచీ వాసనా మాత్రం తిరిగి రాలేదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు హడావుడిలో నేను పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను. ఆయన మాత్రం, "ఇవాళ పప్పు అమోఘం అమ్మాయ్," అని మారు వడ్డించుకున్నారు. తర్వాత నేను తిన్నాను. తిని, నోరు మూసుకున్నాను. నాలుక మీద నమ్మకంతో వ్యాపారం నడిపిన మనిషికి నాలుక పోయిందని నేనెలా చెప్పను?

అప్పట్నించీ లాటు సంగతి తేలుస్తున్నది నేనే. మూత తీయగానే వాసన చూస్తాను, ఉత్త అన్నంలో కలుపుకుని ఒక ముద్ద తింటాను. బాగుంటే మిల్లుకి ఫోన్ చేసి, "మావయ్యగారికి నచ్చిందట," అంటాను. కాయ పాతదై ముక్కిపోయిన వాసనేస్తే, వడ్డించేటప్పుడు మెల్లగా, "కాస్త వాసన తేడాగా ఉందేమో కదా మావయ్యగారూ?" అంటాను. ఆయన ముద్ద ఆపి, "అదే అనబోతున్నా," అంటారు. లాటు ఆగిపోతుంది. మిల్లులో నా పేరు ఎక్కడా లేదు. కానీ నేను ఊఁ అంటేనే లారీ కదులుతుందని నాకు తెలుసు. ఎవరికీ తెలియకపోయినా నాకది చాలు.

ఇలా ఉండగా మా ఆయన హైదరాబాదులో ఏదో క్లాసుకి వెళ్లొచ్చారు. లీన్ అట. పనిలో వృథా తగ్గించే జపాను వాళ్ల పద్ధతట. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు కనిపించిన ప్రతివాడినీ స్వామీ అన్నట్టు, వచ్చినరోజునుంచీ మిల్లులో ప్రతివాళ్లనీ అండీ అనడం మొదలుపెట్టారు. గోడకి పెద్ద బోర్డు తగిలించారు. పనిలో ఏం మారిస్తే బాగుంటుందో ఎవరైనా చెప్పొచ్చు. చెప్పినవాళ్ల పేరు బోర్డు మీద ఎక్కుతుంది. శుక్రవారం అందరూ బోర్డు ముందు నిలబడి చప్పట్లు కొడతారు. తప్పు జరిగితే మనిషిని తిట్టకూడదు. ఎందుకు జరిగిందని అడగాలి, ఆ జవాబుకి మళ్లీ ఎందుకని అడగాలి, అలా ఐదు ఎందుకులు. ప్యాకింగు హాల్లో ఒక గంట కట్టించారు. ఎక్కడ లోపం కనిపించినా తాడు లాగి పని ఆపే హక్కు అందరికీ ఉంది. లాగినవాళ్లకి ముందు థాంక్స్ చెప్పాలి, ఆ తర్వాతే ఏమైందని అడగాలి.

మొదట్లో ఆ తాడు ఎవరూ ముట్టుకోలేదు. ప్యాకింగుకి వీరులపాడు నుంచి వచ్చే ఆడవాళ్లంతా ఒకరికొకరు చుట్టాలే. "పక్కన కూచున్నది మా వదిన. గంట కొడితే రేపు ఇంటికాడ మొహం ఎట్టా చూసేది?" అందట పున్నమ్మ. చివరికి ఆ పున్నమ్మే, తన చేతిలో ప్యాకెట్టే సరిగ్గా అతుక్కోలేదని, భయపడుతూ తాడు లాగింది. మా ఆయన పరిగెత్తుకెళ్లి చేతులు జోడించారట. అందరూ చప్పట్లు. ఆ రోజే మా ఇంట్లో గుత్తి వంకాయ కూర అద్భుతంగా కుదిరింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ మర్నాడు ఇడ్లీ తింటూ మా ఆయన అన్నారు. "పని చేసేవాళ్లకే పనిలో లోటు తెలుస్తుంది వల్లీ. మనం చెయ్యాల్సిందల్లా వాళ్లని అడగడం. ఇన్నాళ్లూ అడక్కపోవడం మా తప్పు."

నేను ఇడ్లీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన తల ఎత్తారు.

"చట్నీ ఉందా?" అన్నారు.

ఆ సమయంలో వచ్చింది సూసన్. నందిగామ నుంచి రోజూ బస్సులో వస్తుంది. కారం రంగూ తేమా చూసే మిషన్ల గదికి ఆమె పెద్ద. వచ్చిన కొత్తలోనే అందరినీ కూర్చోబెట్టి, కాయ మన గేటు లోపలికొచ్చిన దగ్గర్నుంచి లారీ ఎక్కేదాకా ఎక్కడెక్కడ ఆగుతుందో గోడ మీద పెద్ద కాగితానికి బొమ్మ గీయించిందట. ఊరికే ఆగిన చోటల్లా ఎర్ర గుర్తు. ఆ ఎర్ర గుర్తుల్లో పెద్దది మా ఇల్లు. దాని పక్కన "పెద్దాయన భోజనం, ఎదురుచూపు" అని రాసి ఉంది. లాటు ఆగుతోంది, లారీ ఆగుతోంది, హమాలీలు బీడీలు కాల్చుకుంటూ కూర్చుంటున్నారు. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే నాకు మరీ మండింది.

మా ఆయన ఇంటికొచ్చి నసుగుతూ చెప్పారు. "ఇకనుంచి మిషన్ సరేనంటే లారీ పొద్దున్నే వెళ్లిపోతుంది. డబ్బా మాత్రం ఎప్పట్లాగే ఇంటికొస్తుందిలే. నాన్నగారికి చెప్పకు, బాధపడతారు."

మావయ్యగారు బాధపడతారని మా ఆయనకి తోచింది. ఇంట్లో ఇంకెవరైనా బాధపడతారేమోనని తోచలేదు. అప్పట్నించీ నేను వండుతున్నది అప్పటికే గరికపాడు చెక్‌పోస్టు దాటిపోయిన కారం. అయినా ఫోన్ చేసేదాన్ని. సూసన్ ఎత్తి, "చాలా సంతోషం మేడమ్, షావుకారు గారికి నా నమస్కారాలు చెప్పండి," అనేది. పసిపిల్ల ఆడుకునే ఫోన్లో మాట్లాడినా అంతే మర్యాదగా మాట్లాడేదేమో.

ఆ మధ్య పూజకని మిల్లుకి వెళ్తే ఆమెని చూశాను. నేత చీర, జుట్టుకి వల, చేతిలో చిన్న చెంచా. ఏదో చెబుతోంది. మా ఆయన తల వంచి వింటున్నారు. ఆయన అలా తల వంచడం నేను ఒక్కసారే చూశాను, తాళి కట్టేటప్పుడు. అపార్థం చేసుకోకండి, ఆ రకం అనుమానం నాకు లేదు. అలాంటిదే అయితే ఎంత సుఖం! పుట్టింటికి వెళ్లి ఏడిస్తే పదిమందీ నా వైపు నిలబడేవారు. మా ఆయన ఆమె మాట వింటున్నారని వెళ్లి ఏడిస్తే మా అమ్మ కూడా నవ్వుతుంది.

ఇక అసలు సంగతి. పోయిన వారం పెసరట్టు తింటూ మా ఆయన మురిసిపోయారు. "సూసన్ గారిది భలే ముక్కు వల్లీ. మిషన్ దాకా వెళ్లకముందే కాయ పాతదో కొత్తదో వాసన చూసి చెప్పేస్తున్నారు. అసలు అలాంటి ముక్కు నేనెక్కడా చూళ్లేదు."

నేనెక్కడా చూళ్లేదు. ఆ మాట అన్నప్పుడు నేను ఆయనకి చెయ్యి చాచినంత దూరంలో, అట్టు తిరగేస్తూ ఉన్నాను. ఆ అట్టు మాడిపోయింది. దాన్నే ఆయన పళ్లెంలో వేశాను. ఆయన చూసుకోకుండా తినేశారు.

మధ్యాహ్నం సాంబయ్య డబ్బా పెట్టి వెళ్లాడు. మూత తీశాను. నిజం చెప్పాలంటే ఆ కారం బంగారం. ముక్కుకి ఘాటు ముందు తగిలి, వెనకాల ఎండలో ఆరిన కాయ తీపి వచ్చింది. ఆవపిండీ నువ్వులనూనే వేసి దోసావకాయ కలిపాను. మా అత్తయ్యగారు కూడా అంత బాగా కలిపి ఉండరు. అన్నంలో వేసుకుని ఒక ముద్ద తిన్నాను. కళ్లలో నీళ్లొచ్చాయి, కారానికి కాదు. ఇది కూడా ఆమె లెక్కలోకే పోతుంది అనుకున్నాను.

మావయ్యగారికి వడ్డించి, "కాస్త చేదు తగులుతోందేమో కదా మావయ్యగారూ?" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. రోజూ చూసేదానికంటే కాసేపు ఎక్కువే చూశారు. తర్వాత పళ్లెంలోకి చూస్తూ, "అదే అనబోతున్నా," అన్నారు.

ఈసారి ఫోన్ సూసన్‌కి కాదు, మా ఆయనకే చేశాను. "మావయ్యగారికి నచ్చలేదట. చేదుగా ఉందట." ఆయన పర్లేదులే అంటారనుకున్నాను. అంటే గొడవ పెట్టుకుందామని కొంగు బిగించుకుని మరీ ఉన్నాను. ఆయన ఆ మాట అనలేదు. "థాంక్స్ వల్లీ. ఇప్పుడే ఆపిస్తా," అన్నారు.

నిజంగానే ఆపించారు. మిల్లులో గంట మోగిందట, పని మొత్తం నిలిచిందట. వెళ్లిపోయిన లారీని గరికపాడు చెక్‌పోస్టు దాటాక ఒక ధాబా ముందు ఆపేశారట. ఇదంతా సాంబయ్య ఫోన్లో చెబుతుంటే నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. సూసన్ మొహం ఎలా వాడిపోయి ఉంటుందో ఊహించుకుంటూ కాఫీ పెట్టుకుని తాగాను. ఆ కాఫీ రుచి మళ్లీ రాదు.

నాలుగింటికల్లా మా ఆయనా సూసనూ ఇద్దరూ ఇంటికొచ్చారు. సూసన్ మొహం వాడిపోలేదు. వస్తూనే మావయ్యగారికి చేతులు జోడించింది.

"తప్పు నాదే షావుకారు గారూ," అంది. "చేదు మా మిషన్‌కి తెలీదు. మీ నాలుకకి తెలిసింది. మీ భోజనం దగ్గర ఎర్ర గుర్తు పెట్టించింది నేనే. ముందు అందుకు క్షమించాలి."

సంచిలోంచి రెండు గిన్నెలు తీసింది. రెండింట్లోనూ కారం కలిపిన అన్నం. "ఒకటి నిన్నటి లాటు, ఒకటి ఇవాళ్టిది. ఏది ఏదో నాక్కూడా తెలీకుండా అనిల్ గారే కలిపారు. చేదు ఎందులో ఉందో మీరు చెబితే, అక్కణ్నించి వెనక్కి వెతుక్కుంటూ వెళ్తాను. ఏ రైతు కాయో, ఏ రోజు ఆరబెట్టిందో, మర ఎక్కువ వేడెక్కిందో, ఎక్కడుందో తెలుస్తుంది."

పరీక్ష పెట్టాలని కాదు, నిజంగానే నేర్చుకోవాలని వచ్చింది. మా ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నారు. మావయ్యగారు మొదటి గిన్నెలోంచి ఒక ముద్ద తిన్నారు. నీళ్లు తాగారు. రెండో గిన్నెలోంచి తిన్నారు. మళ్లీ మొదటి గిన్నె దగ్గరికి చెయ్యి వెళ్లి, మధ్యలో ఆగిపోయింది. రెండూ ఆయనకి ఒకటేనని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఊళ్లో మిర్చి కొనేవాళ్లంతా భయపడిన మనిషి, కొడుకు ముందు, పరాయి ఆడమనిషి ముందు, పరీక్షలో జవాబు రాని పిల్లాడిలా గిన్నెల వంక చూస్తున్నారు.

"ఇంకోసారి చూస్తానమ్మా," అన్నారు.

సూసన్ మీద నా కుళ్లు ఈయన పరువు దాకా వచ్చింది.

"ఆగండి మావయ్యగారూ," అన్నాను. "చేదన్నది మావయ్యగారు కాదు. ఆయన బాగుందనే అన్నారు. నేనే మార్చి చెప్పాను."

మావయ్యగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మా ఆయన నా వైపు తిరిగారు. అరుస్తారనుకున్నాను. క్లాసులో నేర్పిన గొంతుతో, మెత్తగా అడిగారు.

"ఎందుకు?"

"లాటు ఆపాలని."

"ఎందుకు ఆపాలని?"

"సూసన్‌కి చెడ్డపేరు రావాలని."

సూసన్ తల దించుకుంది. మా ఆయన తెలిసిన మాటే మళ్లీ అన్నారు. "ఎందుకు?"

"ఆమె చెబితే మీరు వింటున్నారు కాబట్టి."

"నేను వింటే నీకెందుకు..."

"నన్ను ఎప్పుడూ అడగలేదు కాబట్టి. ప్యాకెట్లు కట్టే పున్నమ్మని అడిగారు. మూటలు మోసే సాంబయ్యని అడిగారు. అలాంటి ముక్కు ఎక్కడా చూళ్లేదని పొద్దున్న నా ఎదురుగా అన్నారు. ఈ ఇంట్లో మీరు ఇంకేం చూశారు?"

ఐదో ఎందుకు రాలేదు. వీధిలో ఎవరో పాత ఇనుము కొంటామని అరుచుకుంటూ వెళ్లారు. మా ఆయన లేచి నిలబడి, అలవాటుకొద్దీ చేతులు జోడించబోయి ఆపుకుని, "చెప్పినందుకు థాంక్స్ అండీ," అన్నారు.

పెళ్లయ్యాక నన్ను అండీ అనడం అదే మొదలు. చెంపదెబ్బ కొట్టినా అంత పరాయిదాన్ని అయ్యేదాన్ని కాదు. ఆయన లారీని వదిలిపెట్టమని ఫోన్ చేస్తూ బయటికి వెళ్లిపోయారు. సూసన్ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వచ్చి, నేను వద్దంటున్నా వినకుండా కడిగింది.

"ఇన్నాళ్లూ నచ్చిందనీ, నచ్చలేదనీ చెప్పింది మీరే కదా మేడమ్," అంది, మావయ్యగారికి వినపడకుండా.

నేను పొయ్యి గట్టు తుడవడం మొదలుపెట్టాను. ఆమె రెండో మాట అడగలేదు. గిన్నెలు తుడిచి సంచిలో పెట్టుకుని బస్సు టైమైందని వెళ్లిపోయింది. అర్థమైపోయిందన్నమాట. ఇంతకాలం ఒకే కప్పు కింద ఉన్న మనిషికి తట్టనిది, గిన్నెలు కడిగినంతసేపట్లో ఆమెకి తట్టింది. దానికీ కుళ్లుకున్నాను.

రాత్రి భోజనాల దగ్గర మావయ్యగారు పళ్లెం వైపే చూస్తూ అడిగారు. "అమ్మాయ్, ఆ దోసావకాయ నిజంగా బాగుందా?"

"చాలా బాగుంది మావయ్యగారూ."

"అయితే ఇంకాస్త వెయ్యి," అన్నారు. వేశాను. మేమిద్దరం ఇక ఆ విషయం ఎత్తలేదు.

శుక్రవారం మా ఆయన మిల్లు నుంచి హుషారుగా వచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టారు.

"సూసన్ గారు ఎంత మంచి ఆలోచన చెప్పారో తెలుసా? మిషన్ చూశాక ప్రతి లాటునీ ఒక మనిషి నాలుక కూడా చూడాలట. నాన్నగారిని ఇంక శ్రమ పెట్టొద్దు, మేడమ్‌ని పొద్దున్నే మిల్లుకి రమ్మనండి, లారీ ఆగక్కర్లేదు, ఆవిడ ఊఁ అన్నాకే లోడు ఎత్తుదాం అన్నారు. బోర్డు మీద సూసన్ గారి పేరుతో ఎక్కించాం. అందరూ చప్పట్లు కొట్టారు వల్లీ. రేపట్నించి రా."

నా పని నాకు తిరిగొచ్చింది, ఆమె పేరు మీద. ఆమె కావాలని చేసిందీ కాదు. మావయ్యగారి సంగతి బయటపడకుండా నన్ను మిల్లులో కూర్చోబెట్టాలంటే ఆమెకి కనిపించిన దారి అదొక్కటే. అంత శుభ్రంగా ఆలోచించింది. ఆమెని తిట్టుకోవడానికి నాకు ఒక్క సందు కూడా మిగల్చలేదు.

"మీకెప్పుడూ తోచలేదా?" అన్నాను.

"ఏది?"

"నన్ను అడగాలని. ఈ ఆలోచన ఆమె చెప్పకముందు, ఒక్కసారైనా."

క్లాసులో నిజాయితీగా ఉండమని కూడా నేర్పినట్టున్నారు. ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టి, నిజంగా ఆలోచించారు.

"లేదు వల్లీ," అన్నారు.

"ఎందుకు?"

ఆయన నోరు తెరిచి, మూసుకున్నారు. వీధి గుమ్మం వైపు చూశారు, మళ్లీ నా వైపు చూశారు. ఇది కూడా రేపు సూసన్‌నే అడిగి చెబుతారేమో అనిపించింది. నేను లోపలికి వెళ్లి, మర్నాడు మిల్లుకి కట్టుకెళ్లడానికి ఒక నేత చీర తీసి పెట్టుకున్నాను.